ముందు చక్రాలు నీళ్లల్లో

సిమెంటు మూటల టార్గెట్ దాటినందుకు
కంపెనీవాళ్లు మాకు ఓడ ఇచ్చినారు.
ఓడంటే ఓడ కాదులే, మూడు రాత్రులు
చెన్నై రేవు నుంచి పోయి రావడం.
జమ్మలమడుగు అంగట్లో, కడప బండల నడుమ కుచ్చోని
ఆ మాట ఫోన్లో వింటాంటే
నా చేతులకింకా బూడిద దుమ్మే ఉండాది.

మాకిద్దరికీ పాసుపోర్టులుండాయి,
ఉమ్రాకు పోదామని ఎప్పుడో తీసి, పోలేక
బీరువాలో చీరల కింద దాచినవి.
"పిల్లలకో?" అన్నాడు ఏజెంటు.
ఆధార్ ఉంది, రేషన్ కార్డులో పేర్లుండాయి,
బడి కార్డు మెడలో ఏలాడతానే ఉంటాది అన్నా.
"ఓడ ఒక పగలు పరాయి దేశంలో ఆగుతాదమ్మా,
చంకలో బిడ్డకైనా సొంత బుక్కు ఉండాల."

పెద్దది రిజ్వానా, దాని కాగితం ఒక్క నిమిషం పని.
ప్రొద్దుటూరు ఆసుపత్రి, తేదీ, టైము, తల్లి, తండ్రి,
ఇస్త్రీ చేసిన గుడ్డ మాదిరి.
చిన్నోడిదే చిక్కు.
పేరు గడి ఖాళీ.
పుట్టిన స్థలం: దారిలో.

"దారిలో అంటే ఏ ఊరమ్మా?"
కిటికీ వెనక గుమాస్తా అద్దాలు పైకి తోసుకున్నాడు.
ఆ రాత్రి పైన డ్యాము గేట్లు ఎత్తినారు సార్,
పెన్న వచ్చింది.
ఏండ్ల తరబడి ఇసుక ట్రాక్టర్లు తిరిగిన ఏట్లో
ఆ ఒక్క రాత్రే నీళ్లు,
ఆ ఒక్క రాత్రే నాకు నొప్పులు.
నూటెనిమిది బండి గట్టుకాడనే నిలబడిపాయ.
టార్చిలైటు పట్టుకున్న పిల్లగాడు వణుకుతాంటే
నేనే వానికి ధైర్యం చెప్పినా.
"అది సరే, చక్రాలు ఏ పంచాయతీలో ఉన్న్యాయి?"
నేనేం చెప్పేది.
ముందు చక్రాలు నీళ్లల్లో ఉన్న్యాయని మాత్రం చెప్పినా.

మూడుసార్లు తిరిగినా.
ఒకసారి అఫిడవిట్టు, ఒకసారి సాక్షులు,
ఒకసారి ఊరికే, సార్ అన్నానికి పోయినాడు.
ఆ నూటెనిమిది పిల్లగాన్ని ఎతికి పట్టుకుంటే
మైదుకూరులో మందుల షాపు పెట్టుకోనుండాడు.
సంతకం చేసి, చార్జీలు కూడా వద్దని,
"ఎంత ఎత్తుండాడక్కా ఇప్పుడు?" అని అడిగినాడు.
అరచెయ్యి గాల్లో పెట్టి చూపించినా.
చానాసేపు నా చెయ్యి దిక్కే చూసినాడు.

పేరు గడికి ఇంకో తగాదా.
ఇంట్లో కుళ్లాయప్ప, బడిలో దస్తగిరి,
మాయమ్మ నోట్లో ఏటోడు.
ఓడ ఎక్కను ఒక్క పేరే పనికొస్తాదంట.
దస్తగిరి గెలిచినాడు.
కుళ్లాయప్ప రెండు దినాలు అన్నం సరిగ్గా తినల్యా.

"చెవులు రెండూ కనపడాల, పండ్లు కనపడగూడదు"
తెల్లగుడ్డ ముందర నిలబెట్టి స్టూడియో మౌలాలి చెప్పినాడు.
ముందర పండ్లు కొత్తగా ఊడినోడు
నోరు మూసుకోని నిలబడేది ఎంత కష్టమో
పదకొండో ఫోటోకు తెలిసింది మాకు.

కడప ఆఫీసులో అమ్మా నాయనా ఇద్దరికీ
ఇష్టమేనని సంతకాలు పెట్టమన్నారు.
పెట్టినాం.
వాడొచ్చిన రాత్రి మాత్రం
ఎవురి సంతకానికీ కాచుకోల్యా.

పోస్టుమాన్ తెచ్చినాడు నీలం బుక్కు.
వాడు కూడబలుక్కోని చదివి మొగం ముడుచుకున్నాడు.
"జమ్మలమడుగు అని ఏసినారు. నేను పుట్టింది ఏటికాడ గదా."
ఏరు ఊరు కాదురా అన్నా.
"మరి ఊరంతా దాన్నే చూడను వచ్చిందంటివే."

దాంట్లో పెన్ను పెట్టగూడదని ముందే చెప్పి పండుకున్నా.
తెల్లారి చూస్తే
బడి పుస్తకాలకు మిగిలిన ఖాకీ అట్ట ఏసి
లేబుల్ అంటించి పెట్టినాడు.
పేరు: ఎస్. దస్తగిరి.
దాని కింద, చిన్నగా, కుళ్లాయప్ప.
తరగతి: రెండు.
సబ్జెక్టు అన్నచోట: నీళ్లు.

అట్ట తీసేయాల్సిందే అంటాడు ఏజెంటు.
రేవు దాకా ఉండనీలే.